సమ్మె చరిత్ర రాయబోయే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

అమెరికాలోని వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో 2018లో జరిగిన టీచర్ల సమ్మె మీద నువ్వు పంపిన అధ్యాయాల పట్టిక చూశాను. రాష్ట్ర రాజధాని చార్ల్స్‌టన్‌లో చట్టసభ భవనం నిండా ఎర్ర రుమాళ్లు కట్టుకున్న జనంతో మొదలుపెడతానన్నావు. అది తర్వాత చూద్దాం, ముందు తేదీలు రాసుకో.

ఫిబ్రవరి 22, గురువారం సమ్మె మొదలైంది. మార్చి 6, మంగళవారం జీతాల బిల్లు పాసయింది. మర్నాటి నుంచి బడులు తెరిచారు. పంచాంగం లెక్కన 13 రోజులు, రెండు శనాదివారాలు తీసేస్తే పిల్లలు పోగొట్టుకున్న బడి రోజులు 9. 1990లో రాష్ట్రంలోని 55 కౌంటీలకు (మన జిల్లాల్లాంటివి) గాను 47 కౌంటీల్లో జరిగిన 11 రోజుల సమ్మెతో పోల్చేటప్పుడు ఏ లెక్కను ఏ లెక్కతో పోలుస్తున్నావో చూసుకో. ఇలాంటి పుస్తకాల్లో మొదట దొర్లే తప్పు ఇదే.

నీ పట్టికలో కారణం అంటే జీతమే కనిపిస్తోంది. సమ్మెకు ముందురోజే గవర్నర్ జిమ్ జస్టిస్ 2 శాతం పెంపు మీద సంతకం పెట్టాడు. తర్వాతి రెండేళ్లకు ఏటా 1 శాతం. అయినా సమ్మె ఆగలేదు. ఎందుకంటే ఆరోగ్య బీమా ఖర్చు ఆ పెంపును మింగేస్తోంది. ప్రభుత్వోద్యోగుల బీమా సంస్థ ప్రీమియాన్ని ఉద్యోగి జీతం మీద కాకుండా ఇంటిల్లిపాది ఆదాయం మీద లెక్కగట్టాలని చూసింది. ఒంటి కదలికలను లెక్కపెట్టే యాప్ వాడకపోతే అదనపు భారం మోపుతామంది. గొడవ ముదిరాక ఈ మార్పులను వాయిదా వేశారు గానీ అప్పటికే నమ్మకం పోయింది. ఒక టీచరు జీతం స్లిప్పులో పెంపు ఎంత, బీమా కోత ఎంత, చేతికొచ్చింది ఎంత అని మూడు వరుసల్లో చూపించు. పేజీలకొద్దీ ఆవేశం చెప్పలేనిది ఆ మూడు వరుసలు చెబుతాయి.

ఇంకో ప్రశ్న నీ పట్టికలో అసలే లేదు. ప్రభుత్వోద్యోగుల సమ్మె అక్కడ చట్టవిరుద్ధమని రాష్ట్ర అటార్నీ జనరల్ ప్రకటించాక కూడా ఇంతమంది ఎలా నిలబడగలిగారు? జవాబు ఒక్కో కౌంటీలో బడులన్నిటికీ అధికారులైన సూపరింటెండెంట్ల దగ్గర ఉంది. బడులు మూసేస్తున్నామని ప్రకటించింది వాళ్లే. మంచు పడినప్పుడు సెలవిచ్చినట్టే ఇచ్చారు. బడే లేనప్పుడు రాలేదని ఎవరి మీద చర్య తీసుకుంటారు? వాళ్లు ఎందుకు మూశారో కూడా చెప్పాలి. జీతాలు తేల్చేది చట్టసభ కాబట్టి గొడవ కౌంటీతో కాదు. పైగా రెండు టీచర్ల సంఘాలతో పాటు బస్సు డ్రైవర్లు, వంటవాళ్లు ఉన్న సిబ్బంది సంఘం కూడా కదిలింది. బస్సు రాక, వంట లేక బడి నడవదు. బడి మధ్యాహ్న భోజనమే ఆధారమైన పిల్లల కోసం టీచర్లు, సిబ్బంది తిండి పొట్లాలు కట్టి పంచారు. దాన్ని దయగా రాసి వదిలెయ్యకు. తల్లిదండ్రులు ఎదురు తిరగకపోవడానికి అదీ ఒక కారణం.

పుస్తకంలో ఎక్కువ చోటు ఇవ్వాల్సింది ఫిబ్రవరి 27 సాయంత్రం నుంచి మార్చి 1 ఉదయం వరకు. గవర్నరూ సంఘాల నాయకులూ 5 శాతానికి ఒప్పుకున్నారు, గురువారం బడులు తెరుస్తామన్నారు. బుధవారం చట్టసభలోని రెండు సభల్లో ఒకటైన ప్రతినిధుల సభ ఆ పెంపును ఆమోదించింది. కానీ రెండో సభ అయిన సెనెట్ మీద భరోసా లేదు, బీమాకు శాశ్వత నిధుల మాట లేదు. ఆ రాత్రి ఒక్కో కౌంటీ రేపు కూడా బడి లేదని ప్రకటిస్తూ వచ్చింది. తెల్లారేసరికి 55 కౌంటీలూ మూతే. నాయకులు ముగిసిందన్న సమ్మెను కింది శ్రేణులు కొనసాగించిన గంటలివి. ఏ కౌంటీ ప్రకటన ఎన్నింటికి వెలువడిందో గంటల వారీగా పట్టిక వెయ్యి. వాళ్ల అనుమానం నిజమే అయింది, శనివారం సెనెట్ 4 శాతానికి కోసింది. టీచర్ల ఫేస్‌బుక్ గ్రూపులోని రాతలు దొరికితే మాత్రం రాసినవాళ్లను అడగకుండా పేర్లు వాడకు. వాళ్లింకా ఉద్యోగాల్లో ఉండవచ్చు.

ఎర్ర రుమాళ్ల సంగతి. 1921లో బ్లెయిర్ మౌంటెన్ దగ్గర పోరాడిన గని కార్మికులు అవే కట్టుకున్నారు. ఫిబ్రవరి 2న ముందుగా ఒకరోజు బడులు ఆపింది కూడా లోగన్, మింగో, వయోమింగ్ వంటి బొగ్గు కౌంటీల వాళ్లే. ఆ జ్ఞాపకం నిజం. కానీ గనుల ముఖమెరుగని కౌంటీలు ఎందుకు కదిలాయో దానితో తేలదు.

ముగింపులో ‘గెలిచారు’ అని ఒక్క మాటతో సరిపెట్టకు. మార్చి 6 బిల్లుతో చివరికి 5 శాతం రాష్ట్ర ఉద్యోగులందరికీ వచ్చింది, బీమాకు మాత్రం సమస్యను పరిశీలించే ఒక కార్యదళమే దక్కింది. 2019 ఫిబ్రవరిలో చార్టర్ బడుల (ప్రభుత్వ సొమ్ముతో విడి సంస్థలు నడిపే బడులు) బిల్లు మీద మళ్లీ సమ్మె చేస్తే పుట్నమ్ కౌంటీ బడులు తెరిచే ఉంచింది. 2021లో చట్టసభ ఈ సమ్మెలు అక్రమమని చట్టంలోనే రాసి, సమ్మె రోజులకు జీతం ఆపాలని చెప్పింది. సమ్మెకు వీలుగా సూపరింటెండెంట్లు బడులు మూయకూడదని కూడా చేర్చింది. ఆ చట్టం ప్రతి సంపాదించి, ఒక్కో నిబంధన 2018లో జరిగిన ఏ పనికి అడ్డుకట్టో పక్కన రాసుకో. నీ చివరి అధ్యాయానికి అదే ముడిసరుకు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి