న్యూరాలజిస్ట్ ఉండగా న్యూరోసైకాలజిస్ట్ ఎందుకు?

"న్యూరాలజిస్ట్ చూశాక మళ్లీ న్యూరోసైకాలజిస్ట్ ఎందుకు, వాళ్ల చదువేంటి?" అని ఒకరు అడిగారు. రెండేళ్ల కిందట నేనూ ఇదే అడిగాను, కాస్త విసుగ్గానే.

మా నాన్న ఆర్టీసీలో కండక్టర్‌గా రిటైరయ్యారు. మెదడులో కుడివైపు స్ట్రోక్ వచ్చింది. ఇంటికొచ్చాక మాట బాగుంది, పాత టికెట్ రేట్లు కూడా గడగడా చెప్పేవారు. కానీ కంచం ముందు కూర్చుంటే రోజూ గొడవే. "పచ్చడి వెయ్యలేదేం?" అనేవారు. పచ్చడి ఎడమపక్కన, ఎప్పుడూ వేసే చోటే ఉండేది. అమ్మ వేలుపెట్టి చూపిస్తే "ఇప్పుడు వేశావులే" అని దబాయింపు. చాదస్తం అనుకున్నాం. కళ్లజోడు కూడా మార్పించాం, డబ్బు దండగ.

న్యూరాలజిస్ట్, అంటే నరాల డాక్టర్, పంపితే న్యూరోసైకాలజిస్ట్ దగ్గరికి వెళ్లాం. మెదడు దెబ్బతింటే ఆలోచన, ధ్యాస, జ్ఞాపకంలో ఏం తేడా వచ్చిందో టెస్టులతో చూసే ఆవిడ. రెండు గంటలకు పైగా కూర్చోబెట్టారు. చిన్న చిన్న గీతలున్న కాగితమిచ్చి, అన్నిటినీ కొట్టెయ్యమన్నారు. నాన్న కుడివైపువి శ్రద్ధగా కొట్టేసి, అయిపోయిందని పెన్ను మూత పెట్టేశారు. ఎడమ సగం అలాగే ఉంది. నేను నోరెత్తబోతే ఆవిడ కళ్లతోనే వద్దన్నారు. చూపు పోలేదట, మెదడే ఎడమవైపును పట్టించుకోవడం మానేసిందట. దాన్ని నెగ్లెక్ట్ అంటారు. స్కానింగ్‌లో మచ్చ మేమూ చూశాం. పచ్చడి గొడవ దానివల్లేనని మాకెవరూ చెప్పలేదు.

తర్వాత, నిమిషంలో 'ప'తో ఎన్ని మాటలొస్తే అన్ని చెప్పమన్నారు. "పాలకొల్లు, పెనుగొండ, పోడూరు, పెరవలి..." నాన్న బస్సెక్కేశారు. ఊళ్ల పేర్లు లెక్కలోకి రావంటే, "మరి నా సర్వీసంతా ఏం చెప్పానమ్మా?" అన్నారు. ఆవిడా నవ్వేశారు.

ఇక చదువు. ఆవిడ సైకాలజీలో పీజీ చేసి, తర్వాత క్లినికల్ సైకాలజీలో రెండేళ్ల ఎం.ఫిల్. చేశారు. ఈ వృత్తివాళ్లను నమోదు చేసే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉంది. ఎంబీబీఎస్ కాదు, మందులు రాయరు. రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, మొహమాటపడకండి. నాలుగు వారాల ఆన్‌లైన్ కోర్సు చేసి బోర్డు పెట్టేవాళ్లు ఎక్కువయ్యారు. ఇక చుట్టాలు, "పిచ్చి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లారటగా" అని ఫోన్లు. స్ట్రోక్ వచ్చినప్పుడు మాత్రం ఒక్కరూ చెయ్యలేదు.

నన్నడిగితే డిగ్రీకన్నా ముందు చూడాల్సింది, వాళ్లకి మన భాష వచ్చా అని. ఇంగ్లీషు టెస్టును తెలుగులోకి మార్చి చదివితే సరిపోదు. ఏడో తరగతితో ఆపేసినవాడికీ ఇంజనీరుకీ ఒకే కొలత పెడితే సగం ఊరికి మతిమరుపు రోగం అంటగట్టొచ్చు. బెంగళూరులోని మానసిక, నరాల వైద్య సంస్థ నిమ్‌హాన్స్ వాళ్లు 2004లో వయసు, చదువును బట్టి మనవాళ్లకి తగ్గ కొలతలతో టెస్టులు తెచ్చింది ఇందుకే. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా (మతిమరుపు జబ్బు) రోగులను పరిశీలించి 2013లో ఒక సంగతి బయటపెట్టింది. ఒకే భాష వచ్చినవాళ్లకన్నా రెండు భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందట, చదువు రానివాళ్లలో కూడా. మెదడుకీ భాషకీ అంత సంబంధం ఉంది, అందుకే భాష సంగతి తేలిగ్గా తీసుకోవద్దంటాను.

ఆవిడ మాకు చెప్పినవి రెండే. కంచం తిప్పి పెట్టమన్నారు, మోపెడ్ ఇవ్వొద్దన్నారు, ఎడమ నుంచి వచ్చే లారీ ఆయన లెక్కలో ఉండదు కాబట్టి. ఇప్పుడు పచ్చడి గొడవ లేదు. మోపెడ్ తాళం మాత్రం నా బీరువాలో ఉంది, నాన్న వారానికోసారి అడుగుతూనే ఉన్నారు.