పై స్వరాలకు దారి కింది స్వరాల నుంచే

ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటున్నాము. మా అమ్మాయి పాఠశాల బ్యాండులో రెండేళ్లుగా ఫ్రెంచ్ హార్న్ (చుట్టలు తిరిగిన ఇత్తడి ఊదు వాద్యం) వాయిస్తోంది. పై స్వరాలకు వెళ్లేసరికి ధ్వని సన్నబడి పగిలిపోతోంది. రోజూ గంటసేపు వాటినే వాయిస్తున్నా ఫలితం లేదు. ఏం చేయాలి?

జవాబు: అందని స్వరాన్నే పట్టుకుని గంటసేపు ఊదితే పెదవుల కండరాలు అలసిపోవడమే తప్ప బలపడవు. ఎఫ్ శ్రుతిలో ఉండే ఫ్రెంచ్ హార్న్ గొట్టం చుట్టలు విప్పితే సుమారు 12 అడుగుల పొడవుంటుంది. అందువల్ల పై స్థాయిలో సహజ స్వరాలు ఎంత దగ్గరదగ్గరగా ఉంటాయంటే, మీటలు కదపకపోయినా పెదవుల బిగింపు రవ్వంత మారితే చాలు, పక్క స్వరం పలుకుతుంది. అది తట్టుకోలేక పిల్లలు మౌత్‌పీస్‌ను పెదవులకు గట్టిగా అదుముతారు. వాయించడం ఆపాక గుండ్రటి గాటు చాలాసేపు మిగిలితే ఒత్తిడి ఎక్కువైందని గ్రహించండి. పళ్లకు క్లిప్పులుంటే ఈ విషయంలో మరింత జాగ్రత్త అవసరం.

మొదటి 10 నిమిషాలు మధ్య, కింది స్థాయిల్లో దీర్ఘ స్వరాలను మెల్లగా ఎత్తుకుని, పెంచి, తగ్గిస్తూ వాయించమనండి; మన గాయకులు తెల్లవారుజామున చేసే మంద్రస్థాయి సాధన వంటిదే ఇది. ఆ తర్వాత మీటలు కదపకుండా, నాలుకతో తుంచకుండా, పెదవులతోనే స్వరం నుంచి స్వరానికి జారే అభ్యాసం చేయించి, అది నిలకడగా పలికాకే అర స్వరం పైకి వెళ్లనివ్వండి. గంటసేపు ఏకబిగిన వాయించే బదులు 20 నిమిషాల చొప్పున మూడుసార్లు వాయించడం మేలు.