డీటీపీ షాపులో క్రాక్ సాఫ్ట్‌వేర్ తీసేశాక మాకు ఎదురైనవి

చిన్న డీటీపీ షాపు (కంప్యూటర్‌లో పేజీలు కూర్చి ముద్రణకు సిద్ధం చేసేది) పెడుతున్నాననీ, రెండు సిస్టమ్‌లు అసెంబుల్ చేసే అబ్బాయి డిజైన్ సాఫ్ట్‌వేర్లన్నీ క్రాక్ చేసి, అంటే కొనకుండానే నడిచేలా లైసెన్సు తాళం విరగ్గొట్టి, ఇస్తానంటున్నాడనీ రాశారు. ఎవరైనా ఉచితంగా వాడుకోగల ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌తో శుభలేఖలు, బిల్లు బుక్కులు, కరపత్రాలు చేయడం అయ్యే పనేనా అని అడిగారు.

అయ్యే పనే. మా షాపు తెనాలిలో. మొదట్లో కొన్న సాఫ్ట్‌వేర్ మా దగ్గర ఒక్కటీ లేదు. చుట్టుపక్కల షాపులన్నిటిదీ అదే దారి కాబట్టి తప్పుగా కూడా అనిపించేది కాదు.

2020 ఫిబ్రవరి, మాఘమాసం పెళ్లిళ్ల రద్దీ. ఒక కస్టమర్ తెచ్చిన ఫైలు మా పాత వెర్షన్‌లో తెరుచుకోలేదు. మా ఆపరేటర్ కొత్త వెర్షన్ క్రాక్ దింపాడు. దాంతోపాటు వచ్చిన కాగితంలో 'ముందు యాంటీవైరస్ ఆపండి' అని ఉంటుంది కదా, ఆపాడు. టీ తాగి వచ్చేసరికి, "అన్నా, ఫైళ్లన్నీ తెల్లగా అయిపోయాయి" అన్నాడు. క్రాక్‌తో వచ్చిన వైరస్ ఫైళ్లన్నిటికీ తాళం వేసేసింది. ప్రతి ఫోల్డర్లోనూ ఒక చీటీ: తాళం తీయాలంటే 980 డాలర్లు కట్టాలి, 72 గంటల్లోపు అయితే 490 చాలు. దొంగ కూడా డిస్కౌంట్ ఇస్తున్నాడు! బ్యాకప్ హార్డ్ డిస్క్ అప్పుడు సిస్టమ్‌కే తగిలించి ఉంది, అదీ పోయింది.

డబ్బు కట్టలేదు. ఓకే అయిన 11 శుభలేఖలను వాట్సాప్‌లో పంపిన ప్రూఫ్ ఫోటోలు చూసి మూడు రాత్రుల్లో మళ్లీ టైపు చేశాం. ఆ నిద్రమత్తులో బతికున్న తాతగారి పేరు ముందు 'కీ.శే.' పడింది. ఆ పెద్దాయనే స్వయంగా షాపుకొచ్చి, "ఏమయ్యా, నన్ను పంపించేశావట" అన్నారు. 300 కార్డులు మా ఖర్చుతో మళ్లీ వేశాం. ఉచితమనుకున్న సాఫ్ట్‌వేర్‌కి నేను చెల్లించిన ధర అది.

చట్టం సంగతి ఒక్క మాటలో చెబుతాను. 1957 కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ ప్రకారం దొంగ కాపీ అని తెలిసీ వాడితే 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. వ్యాపారానికి వాడకపోతే జైలు లేకుండా వదిలేసే వీలు కోర్టుకుంది. మనది వ్యాపారమే కాబట్టి ఆ వెసులుబాటు మీద ఆశ పెట్టుకోకండి.

ఇక అసలు విషయం. బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్, ఫోటోలు దిద్దే గింప్, పేజీలు కూర్చే స్క్రైబస్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్లు నేర్చుకోవడం నాకు పెద్ద కష్టం కాలేదు. చుక్కలు చూపించింది తెలుగు ఫాంట్లు. మన డీటీపీ అంతా అను ఫాంట్ల మీద పెరిగింది. అవి యూనికోడ్ (ఏ సిస్టమ్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతి) కావు, ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చినవి. ఆ ఫాంట్ లేని సిస్టమ్‌లో పాత ఫైలు తెరిస్తే కనిపించేది పిచ్చి గీతలే. 2001లో ఆఖరి వెర్షన్ వచ్చిన పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ మన ఊళ్లలో ఇంకా బతికుండటానికి సగం కారణం ఇదే. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి గానీ వత్తుల దగ్గర పొరపాట్లు దొర్లుతాయి, ప్రతి పేజీ చదివి సరిచూసుకోవాలి. మీది కొత్త షాపు కాబట్టి మోయాల్సిన పాత ఫైళ్ల మూట లేదు. మొదటి రోజు నుంచే యూనికోడ్‌లో చేయండి. ఈ ఒక్క విషయంలో మిమ్మల్ని చూస్తే నాకు అసూయగా ఉంది.

ఫాంట్లకు కరువు లేదు. సిలికానాంధ్ర అనే తెలుగు సంస్థ ద్వారా వచ్చిన మండలి, రామభద్ర, సూరన్న, గిడుగు వంటివి గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి, కస్టమర్ల పనికి వాడుకోవడానికీ లైసెన్సులో అభ్యంతరం లేదు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు చేసిన పోతన, వేమన అంతకుముందు నుంచే ఉన్నాయి. శుభలేఖ శీర్షికలకు కావలసిన వంపుల ఫాంట్ల విషయంలో మాత్రం అను అంత వైవిధ్యం ఇంకా లేదు, ఒప్పుకోవాలి. అలాంటి చోట మేము అక్షరాన్ని ఇంక్‌స్కేప్‌లో పాత్‌గా (గీతల బొమ్మగా) మార్చి చేత్తోనే వంపులు తిప్పుతాం.

స్క్రైబస్ దింపేటప్పుడు 1.6 లేదా ఆ తర్వాతిదే తీసుకోండి. పాత 1.4 వెర్షన్లలో తెలుగు సరిగా పడదు, వత్తులూ గుణింతాలూ విడిపోతాయి. ఎవరో పాతది చూపించి 'ఇందులో తెలుగు రాదు' అంటే నమ్మారో, మీరూ నాలాగే ఏడాది పోగొట్టుకుంటారు.

రంగుల దగ్గర ఇంకో చిక్కు. ఇంక్‌స్కేప్‌లో గీసింది ఆర్‌జీబీలోనే, అంటే తెర మీద చూపే ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల్లోనే, సేవ్ అవుతుంది. దాన్ని నేరుగా ఒక్కో రంగుకి ఒక్కో ప్లేటుతో ముద్రించే ఆఫ్‌సెట్‌కి పంపితే నల్ల అక్షరం నాలుగు ప్లేట్లలోకీ చీలిపోతుంది, మిషన్ మీద రిజిస్ట్రేషన్ (ప్లేట్లు ఒకదానిపై ఒకటి సరిగ్గా పడటం) వెంట్రుకవాసి కదిలినా అక్షరం చుట్టూ రంగు అంచు కనిపిస్తుంది. మా మొదటి కలర్ కరపత్రం అలాగే వచ్చింది. ఇప్పుడు బొమ్మలు మాత్రం ఇంక్‌స్కేప్, గింప్‌లలో చేసి, అక్షరాలు మొత్తం స్క్రైబస్‌లో కూర్చి, నలుపును ఒక్క నలుపు ప్లేటు మీదే ఉంచి, సీఎంవైకే (ముద్రణకు వాడే నాలుగు రంగుల) పీడీఎఫ్ తీస్తున్నాం. సింగిల్ కలర్ బిల్లు బుక్కులకు ఈ టెన్షన్ ఏమీ లేదు.

అన్నీ ఓపెన్ సోర్సే వాడాలన్న పట్టుదల నాకు లేదు. లెక్కలకు టాలీ డబ్బు పెట్టి కొన్నాం, ఎందుకంటే మా ఆడిటర్ గారు ఆ ఫైలే అడుగుతారు. కస్టమర్లు పెన్‌డ్రైవ్‌లో కోరల్ (డబ్బు పెట్టి కొనాల్సిన డిజైన్ సాఫ్ట్‌వేర్) ఫైళ్లు తెస్తూనే ఉంటారు. వాటిని ఇంక్‌స్కేప్ కొంతవరకే తెరుస్తుంది, అక్షరాలు చెదురుతాయి. మేము పీడీఎఫ్ అడుగుతాం. ఇవ్వలేకపోతే పక్క షాపుకి పంపుతాం, నెలకి ఒకటో రెండో పనులు అలా పోతాయి. మీ పనిలో సగం అలాంటి ఫైళ్లే అయ్యేట్టుంటే ఒక కోరల్ లైసెన్సు కొనుక్కోండి, రెండో సిస్టమ్‌కి అక్కర్లేదు. మాక్రోలు (వాటంతట అవే పని చేసే ఆదేశాలు) ఉన్న ఎక్సెల్ షీట్లు కూడా ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్ లిబ్రేఆఫీస్‌లో మొరాయిస్తాయి.

అనుభవమున్న ఆపరేటర్‌ని పెట్టుకుంటే జీతం కన్నా ముందు అతను అడిగేది కీబోర్డు గురించే. మా అబ్బాయి "ఆపిల్ లేఅవుట్ లేకపోతే నేను చేయలేనన్నా" అని మూడు రోజులు రాలేదు. తెలుగు అక్షరాలు ఏ మీట మీద ఉండాలో చెప్పే అమరిక అది, అతని చేతికి అలవాటైనది. విండోస్ బదులు వాడే ఉచిత సిస్టమ్ లినక్స్ మింట్‌లో ఐబస్, ఎం17ఎన్ అనే టైపింగ్ సాఫ్ట్‌వేర్లు వేసుకుంటే తెలుగు ఆపిల్ లేఅవుట్ వస్తుంది. అది పెట్టి చూపించాక అరగంటలో పాత స్పీడులోకి వచ్చాడు. మీరు మొదట ఒక సిస్టమ్‌లో లినక్స్ మింట్ పెట్టి, షాపు తెరవకముందే మీ సొంత విజిటింగ్ కార్డు, బిల్లు బుక్కు స్క్రైబస్‌లో చేసి ప్రెస్‌కి పంపి చూడండి. తప్పులుంటే అందులోనే బయటపడతాయి. బ్యాకప్ డిస్క్ మాత్రం పని అయ్యాక పీకేసి బీరువాలో పెట్టండి.