బావకు లివర్ ఇవ్వడానికి బావమరిది పనికిరాడా?

ప్రశ్న: మాది మదనపల్లె. నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను. అక్క భర్తకు లివర్ పూర్తిగా పాడైంది, మార్పిడి తప్పదని ఇక్కడి ఆసుపత్రిలో చెప్పారు. అక్కకు ఫ్యాటీ లివర్. మేనకోడలికి 17 ఏళ్లే. నాది బావగారి బ్లడ్ గ్రూపే. కానీ చట్టం ప్రకారం నేను ‘దగ్గరి బంధువు’ను కానంటున్నారు. పైగా నా భార్య ఒప్పుకోవడం లేదు. ఏం చేయాలి?

జవాబు: ఆసుపత్రి వాళ్లు చెప్పింది నిజమే. 1994 నాటి అవయవ మార్పిడి చట్టంలో దగ్గరి బంధువులంటే భార్యాభర్తలు, తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు, తాతా అవ్వలు, మనవళ్లు, మనవరాళ్లు. అంతే. మీ అక్కను మేనమామకే ఇచ్చి ఉన్నా, మీరు మేనల్లుడే అవుతారు కాబట్టి జవాబు మారదు. మేనకోడలు మైనరు కనుక ఆ మాట వదిలేయండి. బావగారికి తోబుట్టువులుంటే ముందు వాళ్లకు పరీక్షలు చేయించండి.

మీకు తలుపు మూసుకుపోలేదు. అభిమానంతో ఇస్తున్నానని చెప్పి, ఇలాంటి దానాలను పరిశీలించే ఆథరైజేషన్ కమిటీ ముందస్తు అనుమతి తీసుకుంటే చాలు. ఏడాదికి 25 లేదా అంతకు మించి మార్పిడులు చేసే ఆసుపత్రి అయితే ఈ కమిటీ అక్కడే ఉండవచ్చు. ఇద్దరూ కలిసి దరఖాస్తు చేయాలి. మూడేళ్ల ఆదాయ రుజువులు, ఇద్దరూ కలిసున్న పాత ఫోటోలు అడుగుతారు. అక్క పెళ్లి ఆల్బమ్ తీసి పెట్టుకోండి. ఆసుపత్రి వేరే రాష్ట్రంలో ఉంది కనుక మదనపల్లె తహసీల్దారు నుంచి బావగారి నివాస ధ్రువీకరణ కూడా ఇప్పుడే మొదలుపెట్టండి, తిరగడానికే రోజులు పడతాయి.

ఇక మీ భార్య సంగతి. కమిటీ ఆమెను కూడా మాట్లాడిస్తుంది. అభ్యంతరం చెబితే రాసుకుని, పరిగణనలోకి తీసుకోవాలని ఈ చట్టం కింద వచ్చిన 2014 నియమాలు అంటున్నాయి. అలాగని ఆమె సంతకం లేకపోతే ఆపరేషన్ ఆగిపోతుందని చట్టంలో లేదు. కానీ నా అనుభవంలో, ఇంట్లో గొడవ ఉందని తెలిస్తే కమిటీ వెనకాడుతుంది. ఆమెను ఒకసారి డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లండి. ఇచ్చేది కొంత భాగమేననీ, మిగిలింది మళ్లీ పెరుగుతుందనీ, అయినా రిస్క్ ఉంటుందనీ ఆయన నోటే విననివ్వండి. మీరు చెబితే నమ్మరు!

సెలవు పెట్టినందుకు పోయిన జీతం, దానం వల్ల మీకు నేరుగా అయిన ఖర్చులు బావగారు ఇస్తే తప్పు కాదు. అంతకు మించి ముట్టిందా, అది అమ్మకం: 5 నుంచి 10 ఏళ్ల జైలు, 20 లక్షల నుంచి కోటి రూపాయల జరిమానా. ‘పేపర్లు మేం చూసుకుంటాం’ అనే బ్రోకర్లను దగ్గరికి రానివ్వకండి.

కమిటీ కాదంటే 30 రోజుల్లో ప్రభుత్వానికి అప్పీలు చేసుకోవచ్చు. ఈలోగా ఆసుపత్రి ద్వారా జీవసార్థకతే (మరణించిన దాతల అవయవాలను కేటాయించే కర్ణాటక సంస్థ) జాబితాలో బావగారి పేరు నమోదు చేయించండి.