శిల్పాలూ నగలూ రెండూ చేసే సెర్హియో బుస్తమాంతే: అసలు శిల్పేనా?

"మెక్సికోలో బుస్తమాంతే పేరు బాగా వినిపిస్తుంది కదా, ఆయన నిజంగా శిల్పా, లేక టూరిస్టులకు వెండి నగలు అమ్మే డిజైనరా?" అని అడిగారు. ఉద్యోగరీత్యా కొన్నేళ్ళు గ్వాదలహారాలో ఉన్నాను. ఆయన గ్యాలరీ ఉన్న త్లాకెపాకే ఆ నగరాన్ని ఆనుకునే ఉంటుంది. శని, ఆదివారాలు వచ్చాయంటే మా కాళ్ళు అటే లాగేవి. నా మటుకు ఆయన ముమ్మాటికీ శిల్పే. ఆ నగలూ శిల్పాలే, కాకపోతే ఒంటి మీద పెట్టుకునేవి.

ఎందుకంటే ఆయన కంసాలి పని నుంచి వచ్చినవారు కాదు. 1949లో సినలోవా రాష్ట్రంలోని కులియకాన్‌లో పుట్టారు, గ్వాదలహారా యూనివర్సిటీలో ఆర్కిటెక్చర్ చదివారు. మొదట చేసినవి పెయింటింగులు, కాగితపు గుజ్జు బొమ్మలు. 1966లో మెక్సికో సిటీలోని మిస్రాచి గ్యాలరీలో జరిగిన తొలి ప్రదర్శన వాటితోనే. కాగితపు బొమ్మలంటే అక్కడ చిన్నచూపేమీ లేదు. పుట్టినరోజుకు కర్రతో కొట్టే పిన్యాతా, ఈస్టర్‌కు ముందురోజు కాల్చే, ఏసును పట్టించిన జూడాస్ బొమ్మ, అన్నీ కాగితంతో చేసినవే. డెబ్బయ్యవ దశకం మధ్యలో చేతిపనివాళ్ళతో కలిసి వర్క్‌షాప్ పెట్టాక సెరామిక్, చెక్క, కంచు ఒక్కొక్కటిగా చేతికొచ్చాయి. నగలు ఆ తర్వాతి మాట.

గ్యాలరీలో ఓ వెండి పెండెంట్ చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాను. పగిలిన గుడ్డు, అందులోంచి తొంగిచూస్తున్న మొహం. కళ్ళు సగం మూసి ఉన్నాయి, పెదవులు మాత్రం ఏదో అనబోతున్నట్టున్నాయి. మామూలుగా పెండెంట్ వెనకవైపు చదునుగా వదిలేస్తారు. దీనికి వెనక కూడా పెంకు వంపు, బీట అలాగే ఉన్నాయి. నాలుగడుగులు వేస్తే అదే గుడ్డు, అదే మొహం, మనిషంత ఎత్తులో. రెండూ ఒకే బుర్రలోంచి వచ్చాయని ఎవరూ చెప్పక్కర్లేదు.

పద్ధతిలోనూ పెద్ద తేడా ఉండదు. కంచు విగ్రహమైనా వెండి నగైనా సాధారణంగా మైనంతో నమూనా చేసి, చుట్టూ అచ్చు కట్టి, మైనం కరిగిపోయిన ఖాళీలో లోహం పోస్తారు. మన ఆదిలాబాద్‌లో ఓజా కళాకారులు డోక్రా అనే ఇత్తడి బొమ్మలు పోసేదీ ఈ మైనపు పద్ధతిలోనే. అందుకే నగలు చేస్తే శిల్పి స్థాయి తగ్గిపోతుందన్న వాదన నాకు ఎక్కదు.

ఇంకా అనుమానం ఉంటే మెక్సికో పడమటి తీరంలోని పుయెర్తో వాయార్తా ఊళ్ళో, సముద్రం పక్కనున్న మాలెకోన్ అనే నడకదారి మీద ఆయన నిచ్చెన శిల్పం చూడాలి. దేనికీ ఆనించకుండా ఆకాశంలోకి లేచిన నిచ్చెన అది. దిండ్లలాంటి తలలున్న ఇద్దరు పిల్లలు పైకి ఎక్కుతుంటారు. కింద తల్లి చేతులు చాచి పిలుస్తుంటుంది. దాని పేరుకు అర్థం "వివేకాన్ని వెతుక్కుంటూ" అని. నాకైతే పిల్లలకన్నా ఆ తల్లే ఎక్కువ గుర్తుండిపోయింది. మా అమ్మాయి చదువుకి దూరం వెళ్ళాక ఆ ఫొటో చూస్తే మనసు అదోలా అవుతుంది.

అన్నీ ఒకే స్థాయిలో ఉన్నాయని మాత్రం అనను. సూర్యుడి మొహం, చంద్రుడి మొహం మరీ ఎక్కువసార్లు వాడారు. అలాంటివి గోడకు వరసగా వేలాడుతుంటే ఒక్కదాని మీదా చూపు నిలవదు. తొలినాళ్ళ కాగితపు జంతువుల్లో ఉన్న చిలిపితనం కొన్ని కంచు బొమ్మల్లో నాకు దొరకలేదు.

కొనే ఉద్దేశం ఉంటే నేరుగా ఆయన గ్యాలరీలోనే కొనండి. ఆయన ధోరణిలో చేసిన బొమ్మలు, నగలు బయట కూడా అమ్ముతారు. వెండి అంటే 925 ముద్ర (వెయ్యికి 925 వంతులు వెండి అని) చూసుకోండి, కానీ ఆ ముద్ర వెండి నాణ్యతకే, అది ఆయన పని అనడానికి కాదు. డబ్బు పెట్టే ముందు ఒకసారి మాలెకోన్ చూసి రండి, దానికి టికెట్ కూడా లేదు.