వీకెండ్ హోటల్ బిల్లులకే కార్డు నిండిపోతే, అర్ధరాత్రి ఆస్పత్రిలో ఏం గీకుతారు?

ప్రశ్న: మేం హైదరాబాద్ మియాపూర్‌లో ఉంటాం. జీతం చేతికి 92,000 వస్తుంది. ఇంట్లో అమ్మ, నా భార్య, తొమ్మిదేళ్ల పాప, నాలుగేళ్ల బాబు. వారమంతా ఆఫీసు, ట్రాఫిక్‌తోనే సరిపోతుంది, అందుకే శని, ఆదివారాలు అందరం బయటే తింటాం. నెలకు 14,000 దాకా అవుతోంది. క్రెడిట్ కార్డు లిమిట్ 2 లక్షలు, బాకీ 1.68 లక్షలకు చేరింది. మినిమమ్ డ్యూ, అంటే నెలకు తప్పక కట్టాల్సిన కనీస మొత్తం, 8,400 కడుతున్నాను. హోటళ్లలో 10 శాతం తగ్గింపు ఇచ్చే కొత్త కార్డు ఇస్తామంటున్నారు, తీసుకోవచ్చా? లేదంటే 3 లక్షల పర్సనల్ లోన్ తీసుకుని పాత బాకీ తీర్చేసి, వచ్చే నెల పాప పుట్టినరోజు హోటల్ హాల్లో చేసి, మిగిలింది దగ్గర ఉంచుకోమంటారా? బ్యాంకులో 22,000 ఉన్నాయి. నెల ఖర్చుల వివరాలు, కార్డు స్టేట్‌మెంట్ జత చేశాను. అవసరమొస్తే కార్డు ఉంది కదా అని ధైర్యం.

జవాబు: మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది ఆఖరి వాక్యం. ఈ మాట నాకు చాలా ఇళ్ల నుంచి వినపడుతోంది, అందుకే మీకు రాస్తున్నాను. మీ కార్డులో ఇంకా మిగిలిన లిమిట్ 32,000. మీ ధైర్యం ఖరీదు అంతే.

నా దగ్గరకు వచ్చే ఒక కుటుంబంలో పెద్దావిడ రాత్రి పదకొండింటికి బాత్‌రూమ్‌లో జారిపడ్డారు. తుంటి విరిగింది. ఇన్సూరెన్స్ ఉంది. కానీ క్యాష్‌లెస్ అనుమతి, అంటే బిల్లు నేరుగా తామే కడతామని బీమా కంపెనీ చెప్పడం, తెల్లవారితే గానీ రాదని, ఈలోగా 50,000 అడ్వాన్స్ కట్టమని కౌంటర్లో అడిగారు. కొడుకు కార్డు ఇచ్చాడు, మెషీన్ తీసుకోలేదు. మళ్లీ గీకారు, మళ్లీ అంతే. తల్లి స్ట్రెచర్ మీద ఉండగా ఆయన కారిడార్లో నిలబడి స్నేహితులకు ఒక్కొక్కరికీ ఫోన్ చేశాడు. ఆ ఇంట్లోనూ లిమిట్ నిండింది వీకెండ్ బిల్లులతోనే.

ఇప్పుడు మీ లెక్క. అద్దె 24,000, కారు ఈఎంఐ 13,500, స్కూలు ఫీజు 11,000, సరుకులు, పాలు 16,000, పెట్రోలు, కరెంటు, అమ్మగారి మందులు 9,500 అని రాశారు. మొత్తం 74,000. మిగిలేది 18,000. దాంట్లోంచి 8,400 కార్డుకు, 14,000 హోటళ్లకు పెడుతున్నారు. అంటే నెలనెలా 4,400 తక్కువ పడుతోంది. బాకీ పెరగక ఏమవుతుంది?

మీ స్టేట్‌మెంట్‌లో వడ్డీ నెలకు 3.5 శాతం. 1.68 లక్షల మీద అది 5,880, దానిపై 18 శాతం జీఎస్టీ 1,058. మీరు కట్టే 8,400లో అసలుకు జమయ్యేది 1,500 కూడా కాదు. పైగా పాత బాకీ ఉన్నంతకాలం కొత్త బిల్లులకు వడ్డీ లేని రోజులు ఉండవు. శనివారం 2,400 బిల్లు కట్టిన రోజు నుంచే మీటర్ తిరుగుతుంది, నెలకు 99 రూపాయలు. 10 శాతం తగ్గింపుతో మిగిలే 240 రెండున్నర నెలల్లో వడ్డీకే పోతుంది. కొత్త కార్డు వద్దు. బాకీలో ఉన్నవాళ్లకు తగ్గింపు ఆశ చూపి ఇంకో కార్డు అంటగట్టడం చూస్తే నాకు కోపం వస్తుంది.

3 లక్షల లోన్ కూడా వద్దు. 1.68 లక్షలే తీసుకోండి, ఆ డబ్బు రాగానే అదే రోజు కార్డుకు కట్టేయండి. 14 శాతం వడ్డీకి రెండేళ్లకు తీసుకుంటే ఈఎంఐ దాదాపు 8,070. ఇప్పటి మినిమమ్ కన్నా తక్కువే, పైగా దీనికి ఒక ముగింపు ఉంది. తర్వాత కార్డు లిమిట్‌ను 30,000కు తగ్గించమని బ్యాంకుకు రాసివ్వండి. ఈ పని చేయకపోతే ఏడాదిలో లోనూ ఉంటుంది, కార్డు బాకీ కూడా ఉంటుంది. యాప్‌లలో దొరికే ‘ఇప్పుడు తిను, తర్వాత కట్టు’ అప్పుల జోలికి అసలు పోవద్దు.

ఈఎంఐ పోగా మిగిలే 9,900లో నెలకు 7,000 అత్యవసర నిధికి. జీతం పడిన మర్నాడే వేరే బ్యాంకు ఖాతాలోకి వెళ్లిపోవాలి, ఆ ఖాతాకు యూపీఐ లింకు ఉండకూడదు. ఉన్న 22,000 దాంట్లోనే వేయండి. ఏడాదిలో లక్ష దాటుతుంది. బోనస్ వస్తే అదీ అక్కడికే, లోన్ ముందుగా తీర్చేద్దామని దాన్ని వాడొద్దు. మీ ఇల్లు ఒక్క జీతం మీద నడుస్తోంది. ఆరు నెలల ఖర్చు, అంటే 4.44 లక్షలు చేరేవరకు సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో పెట్టే పెట్టుబడి) గురించి, బంగారం గురించి నన్ను అడగొద్దు. కంపెనీ హెల్త్ పాలసీలో అమ్మగారి పేరు ఉందో లేదో మాత్రం ఈ వారమే చూసుకోండి.

పిల్లలతో బయట తినడం తప్పని నేననను. వారానికోసారి అందరూ ఒకే టేబుల్ దగ్గర కూర్చోవడం మంచి అలవాటు. మిగిలిన 2,900 దానికే పెట్టుకోండి. నెలకు ఒక పూట పిల్లలు అడిగిన చోటుకు వెళ్లండి. చట్నీస్, మినర్వా కాఫీ షాప్ లాంటి చోట్ల అమ్మగారికి ఇడ్లీ, పిల్లలకు దోశ, అందరికీ సరిపడేది దొరుకుతుంది. బఫేకైతే ముందు ఫోన్ చేసి బాబు వయసుకు టికెట్ ఉందో లేదో అడగండి. బిల్లులో సర్వీస్ ఛార్జీ వేస్తే తీసేయమనండి. అది తప్పనిసరి కాదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022లోనే చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా దాన్ని సమర్థించింది. 5 శాతం జీఎస్టీ మాత్రం కట్టాల్సిందే. మిగతా వారాల్లో ఆదివారం పొద్దున పక్కవీధి టిఫిన్ సెంటర్‌కు నడిచి వెళ్లండి, లేదా ఒక ఫ్యామిలీ ప్యాక్ బిర్యానీ పార్శిల్ తెచ్చుకుని ఇంట్లో చాప పరిచి తినండి.

పాప పుట్టినరోజు అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద, దగ్గరి స్నేహితులు పదిమందితో చేయండి. కేకు, సమోసాలు, ఆటలు, ఆ నెల హోటల్ డబ్బులోనే అయిపోతుంది. అప్పు చేసి హాలు తీసుకోవద్దని మీ భార్యతో, అమ్మగారితో కూర్చుని ఈ రాత్రే మాట్లాడండి, రేపు అడ్వాన్స్ కట్టకముందే.