ల్యాప్‌టాప్‌లు బాగుచేసే ఉద్యోగానికి పాపను పంపాలా?

ప్రశ్న: మాది అనంతపురం. కమలానగర్‌లో స్టేషనరీ అంగడి నడుపుతున్నాను. మా పాప ఈ ఏడాది బీఎస్సీ కంప్యూటర్స్ పూర్తి చేసింది. బెంగళూరులో ఒక కంపెనీ ‘ఎండ్‌పాయింట్ సపోర్ట్’ ఉద్యోగం ఇస్తామంటోంది. వర్చువల్ డెస్క్‌టాప్‌లు, ఉద్యోగుల ల్యాప్‌టాప్‌లు చూసుకునే టీమ్ అంట. జీతం తక్కువ, రాత్రి షిఫ్టు, పైగా రెండేళ్ల బాండ్. ‘అది సాఫ్ట్‌వేర్ కాదు మామా, కంప్యూటర్ రిపేరు’ అంటాడు మా అక్క కొడుకు. హైదరాబాద్‌లో డెబ్బై వేలు కట్టి ఆరు నెలల కోర్సు చేయిస్తే కోడింగ్ ఉద్యోగం వస్తుందంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: పంపండి. బాండ్ సంగతి తేలాకే పంపండి. దాని గురించి చివర్లో చెబుతాను.

మీ మేనల్లుడి మాటలో సగం నిజముంది. మొదటి ఆరు నెలలు పాప చేసే పని రిపేరులాగే కనిపిస్తుంది. పాస్‌వర్డ్ మర్చిపోయామనేవాళ్లు, ప్రింటర్ రావడం లేదనేవాళ్లు, ఔట్‌లుక్ తెరుచుకోలేదని కసురుకునేవాళ్లు. నేను కౌన్సెలింగ్‌లోకి రాకముందు చేసిన పని ఇదే కాబట్టి, ఆ ఫోన్ల రుచి నాకు తెలుసు. మిగతా సగం మీ మేనల్లుడికి తెలియదు.

మన వైపు రైతులు బోరు మోటారుకు మొబైల్ స్టార్టర్ పెట్టుకుంటారు కదా. మోటారు తోటలో ఉంటుంది, నీళ్లూ తోటలోనే పారతాయి. ఇంట్లో మంచం మీద నుంచి ఫోన్ కొడితే చాలు. ఫోన్ పోగొట్టుకున్నా మోటారు ఎక్కడికీ పోదు. వర్చువల్ డెస్క్‌టాప్ కూడా ఇంచుమించు ఇట్లాంటిదే. అసలు కంప్యూటర్ ఎక్కడో డేటా సెంటర్‌లో నడుస్తుంది. ఉద్యోగి ముందున్న మిషన్‌కు తెర మీది బొమ్మ వస్తుంది, కీబోర్డు మీద కొట్టింది అటు పోతుంది. ఖాతాదారుల లెక్కలు, రోగుల రికార్డులు ల్యాప్‌టాప్‌లోకి దిగవు. అందుకే బ్యాంకులకు, బీమా కంపెనీలకు, విదేశీ క్లయింట్ల పని చేసే ఆఫీసులకు ఇదంటే అంత ఇష్టం. సిట్రిక్స్ ఈ రంగంలో పాత కాపు. మైక్రోసాఫ్ట్ 2019లో తన క్లౌడ్ డెస్క్‌టాప్ తెచ్చింది, ఇప్పుడు దాని పేరు అజ్యూర్ వర్చువల్ డెస్క్‌టాప్. 2021లో విండోస్ 365 వచ్చింది. హొరైజన్ అనేది ఒకప్పుడు వీఎంవేర్‌ది, 2024 నుంచి ఆమ్నిస్సా అనే వేరే కంపెనీది. ఇంటర్వ్యూలో ఇంకా వీఎంవేర్ హొరైజన్ అంటే ఎదుటివాళ్లు నవ్వరు గానీ, పాత నోట్సు చదివి వచ్చిందని అర్థమవుతుంది.

పాప పనిలో రెండో భాగం ఉద్యోగుల పరికరాలు. వెనకటికి కొత్త ఉద్యోగి వస్తే ఐటీ వాళ్లు ల్యాప్‌టాప్ ముందేసుకుని సాఫ్ట్‌వేర్లన్నీ ఒక్కొక్కటిగా ఎక్కించేవాళ్లు, సగం రోజు దానికే పోయేది. ఇప్పుడు పరికరాలను దూరం నుంచే సిద్ధం చేసి చూసుకునే ఆటోపైలట్, ఇన్‌ట్యూన్ లాంటి మైక్రోసాఫ్ట్ సేవలు ఉన్నాయి. సీల్ విప్పని ల్యాప్‌టాప్ నేరుగా ఉద్యోగి ఇంటికి పోతుంది. కదిరిలో ఉన్నా సరే, వైఫై పెట్టుకుని ఆఫీసు మెయిల్ ఐడీ కొడితే సెట్టింగులు, యాప్‌లు వాటంతటవే దిగుతాయి. అది బస్సులో పోతే ఇక్కడి నుంచే తుడిచేయొచ్చు. సొంత ఫోన్‌లో ఆఫీసు మెయిల్ వాడేవాళ్లయితే ఆఫీసు డేటా ఒక్కటే తీసేసి, పిల్లల ఫొటోలు ముట్టుకోకుండా వదిలేయొచ్చు.

రిపేరుకూ దీనికీ తేడా ఒక టికెట్, అంటే నమోదైన ఫిర్యాదు, చెబితే తెలుస్తుంది. పొద్దున తొమ్మిదికి ఒకాయన ఫోన్ చేస్తాడు: ‘నా డెస్క్‌టాప్ ఖాళీగా ఉంది, ఫైళ్లన్నీ పోయాయి’. గొంతులో వణుకు. నిజానికి ఏదీ పోలేదు. నిన్న రాత్రి ఆయన లాగౌట్ చేయకుండా విండో మూసేశాడు. ఆ పాత సెషన్, అంటే ఆయన నిన్న తెరిచిన డెస్క్‌టాప్, ఇంకో సర్వర్‌లో బతికే ఉంది, ఆయన ఫైళ్లు, సెట్టింగులు ఉండే ప్రొఫైల్ డిస్క్‌ను గట్టిగా పట్టుకుని కూర్చుంది. కొత్త సెషన్‌కు ఆ డిస్క్ దొరక్క తాత్కాలిక ప్రొఫైల్ ఇచ్చారు. పాత సెషన్‌ను లాగాఫ్ చేసి, ఆయన్ను బయటికి పోయి మళ్లీ లోపలికి రమ్మంటే ఫైళ్లన్నీ ప్రత్యక్షం. అంతటితో ఆగితే అది సపోర్టు. ‘గంటల తరబడి ఖాళీగా ఉన్న సెషన్లను సిస్టమే మూసేలా పాలసీ పెడితే ఈ ఫోన్లే రావు కదా’ అని ఆలోచించి, పెట్టించగలిగిందా, ఇంజనీరు పని మొదలైనట్టే. జీతం పెరిగేదీ అక్కడి నుంచే.

ఒక్క మిషన్ బాగుచేసే చెయ్యి వేల మిషన్లను ఒకేసారి మార్చగలిగే చోటికి చేరుతుంది. పని విలువా, దాని భయమూ రెండూ అక్కడే ఉన్నాయి. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే కంపెనీ భద్రతా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఒకటి తప్పుగా వెళ్లింది. ప్రపంచమంతా దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర వేసుకుని కూలబడ్డాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు, మీరూ ఆ ఫొటో చూసే ఉంటారు. వైద్యం చిన్నదే: మిషన్‌ను సేఫ్ మోడ్‌లో లేపి, సీ-00000291 అని మొదలయ్యే ఫైలు తీసేయాలి. కానీ మిషనే లేవనప్పుడు దూరం నుంచి ఏం చేస్తారు? చాలాచోట్ల ఒక్కో ల్యాప్‌టాప్ దగ్గరికి మనిషి పోవాల్సి వచ్చింది. డిస్క్‌కు బిట్‌లాకర్ తాళం ఉంటే 48 అంకెల రికవరీ కీ కొట్టాలి. ఆ కీలు పద్ధతిగా దాచుకున్న టీములు త్వరగా తేరుకున్నాయి. ఆ వారం మీ పాప చేయబోయే ఉద్యోగం చేసేవాళ్లు సరిగ్గా నిద్రపోలేదు.

నా వల్ల జరిగింది అంత పెద్దది కాదు లెండి. ఒకసారి ముందు పదిమందికి పంపి చూడాల్సిన అప్‌డేట్‌ను పొరపాటున ‘అందరూ’ అనే గ్రూపుకు కేటాయించాను. మధ్యాహ్నం పన్నెండున్నరకు ఒక అంతస్తు అంతస్తే రీస్టార్ట్ అయింది. క్లయింట్‌తో కాల్‌లో ఉన్న మేనేజరు నా బల్ల దగ్గరికి నడిచొచ్చి ఏమీ అనకుండా నిలబడ్డాడు. తిట్టినా బాగుండేది. ఆ రోజు నుంచి ముందు మా టీమ్‌కు, రెండు రోజులాగి ఒక విభాగానికి, ఆ తర్వాతే అందరికీ. ఈ పనిలో తెలివి ఎంత కావాలో నిదానం అంత కావాలి. అంగడి లెక్కలు రాసే ఇంట్లో పెరిగిన పిల్ల కదా, ఒకటికి రెండుసార్లు సరిచూసే అలవాటు ఉండే ఉంటుంది.

ఇక చదువు. ఇంట్లో ల్యాప్‌టాప్ ఉంటే ర్యామ్ 16 జీబీకి పెంచండి. కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్ నడిపి సాధన చేయాలి. విండోస్ ప్రో అయితే దానికి కావాల్సిన హైపర్-వీ అందులోనే ఉంటుంది, హోమ్ అయితే వర్చువల్‌బాక్స్ ఉచితం. విండోస్ 11 ఎంటర్‌ప్రైజ్‌ను 90 రోజులు పరీక్షకు వాడుకోవచ్చు, ఇన్‌ట్యూన్‌కు 30 రోజుల ట్రయల్ ఉంది. మైక్రోసాఫ్ట్ లెర్న్‌లో పాఠాలకు పైసా కట్టక్కర్లేదు. పవర్‌షెల్ (విండోస్ పనులను ఆదేశాలు రాసి చేయించే భాష) మాత్రం రోజూ అరగంట రాయాలి. ఈ రంగంలో ఐదేళ్లు చేసి కూడా టికెట్లు మూస్తూ ఉండిపోయినవాళ్లలో స్క్రిప్టు రాయడం తప్పించుకు తిరిగినవాళ్లే ఎక్కువమంది నాకు తగిలారు. ఏడాదిలోపు ఈ పరికరాల పనికి మైక్రోసాఫ్ట్ పెట్టే ఎండీ-102 పరీక్ష రాయించండి. వర్చువల్ డెస్క్‌టాప్‌లకు ఏజెడ్-140 ఉంది, దానికి తొందర లేదు, చేత్తో కొంత పని చేశాకే అది బుర్రకెక్కుతుంది. పద్దెనిమిది నెలలయ్యాక కూడా పాస్‌వర్డ్ రీసెట్లే చేస్తోందంటే, టీమ్ మారాలి, లేదా కంపెనీ మారాలి. ఆ రీసెట్ పని ఇప్పటికే ఉద్యోగులే చేసుకునేలా మారిపోతోంది.

డెబ్బై వేల కోర్సు చెడ్డదని అనను. కానీ ‘మూడేళ్ల అనుభవం పెట్టిస్తాం’ అనే మాట ఎవరి నోటి నుంచైనా వస్తే అక్కడికక్కడే లేచి రండి. పీఎఫ్ యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని ఖాతా నంబరు) చరిత్ర తీస్తే ఎక్కడ ఎన్నాళ్లు పనిచేసిందో బయటపడుతుంది, పెద్ద కంపెనీలు చాలావరకు అది చూడకుండా తీసుకోవు. కోడింగ్ మీద పాపకే మనసుంటే వేరే మాట. మీరు రాసిన ఉత్తరంలో మీ మేనల్లుడి అభిప్రాయం ఉంది, మీదీ ఉంది, పాపది లేదు. ఒకసారి కూర్చోబెట్టి అడగండి.

రాత్రి షిఫ్టు గురించి: కర్ణాటకలో ఆడపిల్లలతో రాత్రి పని చేయించాలంటే కంపెనీ రవాణా ఏర్పాటు చేయాలి, వాళ్ల ఒప్పుకోలు రాతపూర్వకంగా తీసుకోవాలి. క్యాబ్ ఇంటి గుమ్మం దాకా వస్తుందా, మెయిన్ రోడ్డు దాకానేనా అని హెచ్ఆర్‌ను మెయిల్‌లో అడగమనండి, ఫోన్‌లో కాదు. ఉద్యోగం నేరుగా కంపెనీదా, మధ్యలో ఏజెన్సీదా? పీఎఫ్ మొదటి నెల నుంచే కడతారా? ఈ రెండూ అదే మెయిల్‌లో.

బాండ్‌లో రెండు చూడాలి: మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గర పెట్టుకుంటామని ఎక్కడైనా ఉందా. రెండోది ఉంటే ఆ ఉద్యోగం వదిలేయండి, ఇంకోటి వస్తుంది. జాబ్ కోసం డిపాజిట్ అడిగినా అంతే. ఆఫర్ లెటర్‌లో ఆ పేజీ ఒక్కటి ఫొటో తీసి పంపండి, పేర్లు, జీతం కనపడకుండా చెరిపేసి. నేను చదివి చెప్పేదాకా సంతకం పెట్టించకండి.